నాలుగున్నరేళ్ల ‘నిందితుడు’

*చిన్నపిల్లల్లో లైంగికంగా అనిపించే ప్రవర్తన బయటపడితే మనకు తెలిసిన దారులు మూడే: ఇంట్లో తన్నులు, బడిలో టీసీ, లేదంటే పోలీస్ స్టేషన్. నాలుగో దారి పిల్లల మానసిక నిపుణులు చేసే మదింపు. అందులో మొదటి ప్రశ్నలు పిల్లాడికి కాదు, పెద్దవాళ్లకే.*

మధ్యాహ్నం అన్నాల బెల్లు అయిపోయి యూకేజీ గదిలో చాపలు పరిచే వేళ. తలలు లెక్కపెట్టిన ఆయాకు ఇద్దరు తక్కువొస్తారు. బాత్‌రూమ్ వైపు వెళ్లి తలుపు తోస్తుంది. ఒక్క కేక. ఆ కేకకు టీచర్, పక్క గది టీచర్, వాళ్ల వెనకే ప్రిన్సిపాల్ మేడమ్ పరుగెత్తుకొస్తారు. ఏదో ఘోరం జరిగిపోయిందని ఆ పిల్లలిద్దరికీ తెలిసేది అప్పుడే, తమ మీదికి వంగిన ఆ ముఖాలు చూశాక. పది నిమిషాల్లో రెండిళ్లకు ఫోన్లు వెళ్తాయి. సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అంటుకుంటుంది. ‘ఎవరా అబ్బాయి?’, ‘అలాంటివాణ్ని మన పిల్లల మధ్య ఎలా కూర్చోబెడతారు?’, ‘మా పాపను కూడా అడుగుతాను ఇప్పుడే.’ రాత్రి తొమ్మిదింటికి ఒక ఇంట్లో తండ్రి కొడుకును గోడకు నిలబెట్టి, ‘ఎవడు నేర్పాడ్రా నీకిది?’ అని గద్దిస్తుంటాడు. ఇంకో ఇంట్లో తల్లి కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, ‘ఇంకేం చేశాడమ్మా? ఇంకా? ఇంకా?’ అని ఏడుస్తూ అడుగుతుంటుంది.

ఇది ఏ ఒక్క బడిలోనో జరిగిన సంఘటన కాదు. ఎక్కడైనా, దాదాపు ఇదే వరసలో జరిగేది. ఆ రాత్రి రెండిళ్లలోనూ జరిగింది ఒక రకం విచారణే. అడిగినవాళ్లకు పిల్లలంటే ప్రాణం కాబట్టి అది విచారణలా కనిపించదు, అంతే. ఆ ఇద్దరు పిల్లల గురించి మర్నాడు తెలియాల్సిన ముఖ్యమైన సంగతులు ఆ రాత్రి ప్రశ్నల్లోనే సగం చెరిగిపోతాయి. అవి ఎలా చెరిగిపోతాయో, చెరిగిపోకుండా తెలుసుకునే పద్ధతి ఏమిటో చూద్దాం.

చట్టం ఆగిపోయిన చోట

2017 నవంబరులో ఢిల్లీలోని ద్వారకా ప్రాంతంలో ఒక తల్లి పోలీసులను ఆశ్రయించింది. ప్రైవేట్ బడిలో తన కూతురి పట్ల అదే తరగతి పిల్లాడు లైంగికంగా ప్రవర్తించాడన్నది ఫిర్యాదు. పిల్లాడి వయసు నాలుగున్నరేళ్లు. పోలీసులు అత్యాచారం సెక్షన్, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద కేసు రాశారు. దేశమంతా టీవీల్లో చర్చలు నడిచాయి. ఆ వయసులో ఇది సాధ్యమేనా అని ఒకరు, ఈ తరం పాడైపోయిందని ఇంకొకరు, సినిమాలదే పాపమని మరొకరు. చట్టం మాత్రం ఎప్పుడో సమాధానం చెప్పి ఉంది. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది ఏదీ నేరం కాదని నాటి భారతీయ శిక్షాస్మృతి 82వ సెక్షన్ అంటే, 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ అదే మాట కొనసాగించింది.

నేరం కాదంది, బాగానే ఉంది. మరి ఏమిటది? ఆ పిల్లాడి విషయంలో తర్వాత ఎవరు ఏం చేయాలి? ఆ పాప విషయంలో? చట్టం అక్కడ ఆగిపోతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ‘ప్రాథమిక మదింపు’ అనే ఏర్పాటు ఉంది. ఘోర నేరం ఆరోపణ ఎదుర్కొంటున్న 16 నుంచి 18 ఏళ్ల పిల్లల మానసిక, శారీరక సామర్థ్యాన్ని, తాము చేసిన పని ఫలితాన్ని వాళ్లు ఎంతవరకు ఎరుగుదురన్నదాన్ని బాలల న్యాయ మండలి పరిశీలిస్తుంది. అవసరమైతే మానసిక నిపుణుల సాయం తీసుకుంటుంది. కానీ ఆ పరిశీలన దేనికి? వీణ్ని పెద్దవాడిగా విచారించవచ్చా లేదా అని తేల్చడానికి. అంటే మన వ్యవస్థకు బాగా తెలిసిన మదింపు బాధ్యతను కొలిచేది. ఆరేళ్ల పిల్లాడికి కావాల్సింది దానికి పూర్తిగా తిరగేసిన మదింపు. వాడి బాధ్యత ఎంత అని కాదు, వాడి చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయాలని అడిగేది. పేరు ఒకటే కావడంతో రెండూ ఒకటేననుకుంటారు. సైకాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి అనగానే ‘మా వాడేమైనా నేరస్థుడా?’ అని తల్లిదండ్రులు ముడుచుకుపోవడానికి ఈ తికమక కూడా ఒక కారణం.

పెట్టె 1: ఏది ఆట, ఏది హెచ్చరిక?
*దాదాపు ఒకే వయసు, ఒకే సైజు పిల్లలు, తెలిసినవాళ్లు, ఇద్దరికీ ఇష్టమై, నవ్వుకుంటూ, అప్పుడప్పుడు ఆడే ‘డాక్టరాట’, ‘అమ్మానాన్న ఆట’ సాధారణంగా కుతూహలమే. పెద్దవాళ్లు ‘చాలు, బట్టలేసుకోండి’ అంటే ఆగిపోతుంది. వయసులో నాలుగేళ్లకు మించి తేడా ఉన్నా, బెదిరింపు, బలవంతం, లంచం ఉన్నా, ఒకరికి నొప్పో భయమో కలిగినా, పెద్దవాళ్లు ఎంత చెప్పినా ఆగకపోయినా, ఇతర ఆటలన్నీ వదిలి అదే ధ్యాసలో ఉన్నా, ఆ వయసుకు తెలియకూడనంత వివరం ఆటలో కనిపించినా నిపుణులను కలవాలి.*

మామూలు ఏమిటో తెలియకుండా

జ్వరం ఉందో లేదో తెలియాలంటే మామూలు ఒంటివేడి ఎంతో తెలిసి ఉండాలి. పిల్లల విషయంలో ఆ మామూలును కొలిచే పనిని శ్రద్ధగా చేసినవారిలో ముందు చెప్పుకోవాల్సింది మేయో క్లినిక్ సైకాలజిస్ట్ విలియం ఫ్రీడ్రిక్‌ను. 1998లో ఆయన బృందం అచ్చేసిన అధ్యయనంలో 2 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,114 మంది. లైంగిక వేధింపులకు గురైన దాఖలాలు లేనివాళ్లను ఏరి, గత ఆరు నెలల్లో ఏం గమనించారని వాళ్ల తల్లులను అడిగారు. రెండు నుంచి అయిదేళ్ల మగపిల్లల్లో సుమారు 60 శాతం మంది ఇంట్లో తమ ఒంటిని తాము తాకుతూ కనిపించారని తల్లులు చెప్పారు. అదే వయసు ఆడపిల్లల్లో ఇది సుమారు 44 శాతం. వయసు పెరిగేకొద్దీ ఈ అంకెలు పడిపోతాయి. పిల్లలు మారిపోతారని కాదు, దాచుకోవడం నేర్చుకుంటారని. ఇలాంటి పరిశీలనల నుంచే ఆయన 38 అంశాల పట్టిక ఒకటి తయారుచేశారు. పిల్లల లైంగిక ప్రవర్తనను కొలవడానికి నిపుణులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

ఆ అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. ఈ ప్రవర్తనలు ఎక్కువగా ఉన్న పిల్లల ఇళ్లలో ఒత్తిళ్లు ఎక్కువ, కొట్లాటలు ఎక్కువ. తల్లిదండ్రుల పడగ్గది విషయాలు పిల్లల కంటపడే సందర్భాలు ఎక్కువ. అంటే పిల్లాడి మీద పెట్టిన కొలబద్ద ఇంటి గోడల వైపు కూడా చూపిస్తోంది.

అమెరికాలో లైంగిక హింసకు సంబంధించిన చికిత్స చేసే నిపుణుల సంఘం ‘ఆట్సా’ ఈ పిల్లల కోసం మార్క్ చాఫిన్ నాయకత్వంలో ఒక ప్రత్యేక బృందాన్ని వేసింది. 2006లో ఇచ్చిన నివేదికలో ఆ బృందం రెండు మాటలు నొక్కి చెప్పింది. పన్నెండేళ్లలోపు పిల్లల్లో ‘సమస్యాత్మక లైంగిక ప్రవర్తన’ అనేది జబ్బు పేరు కాదు, కొన్ని చేష్టలకు పెట్టిన పేరు మాత్రమే. రెండోది, ఆ చేష్టల వెనక కామేచ్ఛే ఉండనక్కర్లేదు. కుతూహలం కావచ్చు, చూసింది చేయడం కావచ్చు, భయమేసినప్పుడు తనను తాను ఊరడించుకోవడం కావచ్చు, పెద్దవాళ్ల కళ్లు తనవైపు తిప్పుకోవడం కావచ్చు. ‘లైంగిక’ అన్న మాట మనది. నాలుగేళ్లవాడి దగ్గర ఆ మాట లేదు.

సమాధానం ముందే తెలిసిన ప్రశ్నలు

ఇంత నిదానం ఎందుకంటే, తొందరపడి దెబ్బతిన్న చరిత్ర ఉంది కాబట్టి. 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మాన్‌హట్టన్ బీచ్ అనే ఊళ్లో మెక్‌మార్టిన్ అనే ప్రీస్కూల్ మీద ఒక తల్లి ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆ బడిలో చదువుతున్న, చదివి వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు సుమారు 200 మందికి ఉత్తరం రాశారు. ఫలానా ఆరోపణ వచ్చింది, మీ పిల్లలను అడిగి చూడండి అని. నేటి వాట్సాప్ గ్రూపు ఆనాటికి తపాలాలో వచ్చిందన్నమాట. ఆ తర్వాత ఒక సంస్థలో వందల మంది పిల్లలను చేతికి తొడిగే బొమ్మలతో, శరీర భాగాలున్న బొమ్మలతో ప్రశ్నించారు. మిగతా పిల్లలు చెప్పేశారు, నువ్వూ చెప్పు అన్నారు. చెప్పినవాళ్లను మెచ్చుకున్నారు, లేదన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడిగారు. ఏడేళ్లు సాగి, సుమారు కోటిన్నర డాలర్లు మింగిన ఆ కేసు 1990లో ఒక్క శిక్ష కూడా పడకుండా ముగిసింది. బడిలో నిజంగా ఏం జరిగిందో, అసలేమైనా జరిగిందో లేదో, ఆ పిల్లల నోటి నుంచి తెలుసుకునే అవకాశం ఆ ప్రశ్నలతోనే పోయింది.

అక్కడ నిందితులు పెద్దవాళ్లు. పాఠం మాత్రం మన విషయానికీ వర్తిస్తుంది. చిన్నపిల్లలు అబద్ధాలకోరులు కారు, కానీ ఎదుటి పెద్దవాళ్ల ముఖం చదివి వాళ్లకు కావాల్సిన జవాబు ఇవ్వగలరు. ‘ఇంకా? ఇంకా?’ అన్న తల్లి ఏడుపు ఆగాలంటే ఇంకేదో చెప్పాలని ఆ పాపకు అర్థమవుతుంది. ‘ఎవడు నేర్పాడు?’ అన్న తండ్రి చెయ్యి దిగాలంటే ఒక పేరు చెప్పాలని ఆ పిల్లాడికి అర్థమవుతుంది. ఆ పేరు పక్కింటి అన్నదే కావచ్చు, నిజమే కావచ్చు. కానీ తర్వాత దాన్ని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు.

ఆ దశాబ్దం చివర్లో ఊయల రెండోవైపు ఊగింది. ‘బాల నేరకర్తలు’ అన్న మాట 1988లో ఒక పరిశోధనా వ్యాసం శీర్షికకే ఎక్కింది. వయోజన నేరస్థులకు ఇచ్చే చికిత్సల ఆలోచనలను పిల్లల మీదికి తెచ్చారు. ఆ తర్వాత లైంగిక నేరస్థుల బహిరంగ జాబితాల్లోకి పిల్లల పేర్లూ ఎక్కాయి. ఆ పేర్లు పెద్దయ్యాక కూడా వాళ్లను ఎలా వెంటాడాయో హ్యూమన్ రైట్స్ వాచ్ 2013లో ఒక నివేదికే వెలువరించింది. పరిశోధకుల్లో ఎదురుగాలి అప్పటికే మొదలైంది. 1998లో చాఫిన్, బార్బరా బోనర్ రాసిన సంపాదకీయం శీర్షికే ‘కాల్చకండి, మేం మీ పిల్లలమే’ అని అర్థం వచ్చేది. ఒకే పిల్లాణ్ని ఒక దశలో ఏ పాపం ఎరుగని బాధితుడిగా, ఇంకో దశలో పుట్టుకతోనే నేరగాడిగా చూడటం. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. రెండుసార్లూ సమాధానం ముందే తెలుసు, ప్రశ్నలు తర్వాత వచ్చాయి.

తొలి గంట తల్లిదండ్రులదే

సరైన మదింపులో నిపుణురాలు మొదట పిల్లాడితో మాట్లాడదు. వాణ్ని బయట బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, తల్లిదండ్రులతో మొదలుపెడుతుంది. వాడి ముందు వాడి గురించి చెప్పించడమంటే ఆ రాత్రి గోడ దగ్గరి విచారణను తెల్లకోటుతో మళ్లీ నడిపించడమే. ఏం చూశారు, ఎవరు చూశారు, ఎన్నిసార్లు, ఎవరితో, ఎప్పటి నుంచి, చూసినప్పుడు మీరేం చేశారు, చెప్పాక ఆగిందా? ఇందులో చివరి రెండు ప్రశ్నలకున్న బరువు మిగతావాటికి లేదు. ఒకసారి నెమ్మదిగా చెబితే ఆగినదానికీ, పదిసార్లు కొట్టినా ఆగనిదానికీ చాలా తేడా. కొట్టడం వల్లే చాటుకు వెళ్లిందా అన్నదీ అప్పుడే బయటపడుతుంది.

తర్వాత ఇల్లు. ఎన్ని గదులు, ఎవరు ఎవరి పక్కన పడుకుంటారు, స్నానం ఎవరు చేయిస్తారు, బడి నుంచి వచ్చాక అమ్మ వచ్చేదాకా ఎవరి దగ్గర ఉంటాడు, ఫోను ఎవరిది, ఎంతసేపు, పక్కన ఎవరు ఉంటారు, తాళం ఉందా? ఈ ప్రశ్నలు అవమానంగా అనిపిస్తాయి, ముఖ్యంగా ఒంటిగది అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు. ఒంటిగదిలో ఉండటం తప్పు కాదు. కానీ ఆ గదిలో రాత్రి లైటు ఆరాక పిల్లాడు నిద్రపోయాడనుకున్నారా, నిజంగా నిద్రపోయాడా అన్నది తెలుసుకోకపోతే, వాడు చూసినదాన్ని ఆడుతున్నాడా, అనుభవించినదాన్ని ఆడుతున్నాడా అన్న అసలు ప్రశ్న తేలదు. ఇంట్లో కొట్లాటల గురించీ అడగాల్సిందే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21 లెక్కల్లో, తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నామన్నారు. ఆ ఇళ్లలోనూ పిల్లలున్నారు. ఎప్పుడు ఏ కంచం ఎగురుతుందో తెలియని ఇంట్లో పెరిగే పిల్లాడు తన ఒంట్లోనే ఒక ఊరట వెతుక్కోవడం విడ్డూరమేమీ కాదు.

శరీరాన్నీ వదలకూడదు. నులిపురుగుల దురద, మూత్రంలో ఇన్ఫెక్షన్, బిగుతు బట్టల వల్ల ఒరుపు, చర్మం మీద దద్దు, ఇవేవైనా చెయ్యి అక్కడికే పోయేలా చేస్తాయి. ఫిబ్రవరి 10 నులిపురుగుల నివారణ దినాన బడిలో వేసే అల్బెండజోల్ బిళ్లతో తీరిపోయే ‘లైంగిక సమస్య’ కూడా ఉంటుందంటే నవ్వులాటగా తోస్తుంది. కానీ పిల్లల డాక్టర్లు ముందు ఆ వైపు చూసేది అందుకే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడు లైన్లో నిలబడలేనట్టే, ఎదుటివారి ఒంటి హద్దు దగ్గరా ఆగలేకపోవచ్చు. ఆటిజం ఉన్న పాపకు నలుగురిలో ఉన్నామన్న స్పృహ వేరేగా ఉండవచ్చు. అందుకే లైంగిక ప్రవర్తన పట్టిక ఒక్కటే కాకుండా నిద్ర, తిండి, చదువు, కోపం, భయం, మాట ఎదుగుదల, అన్నీ కొలుస్తారు. చాలాసార్లు అసలు చికిత్స వాటికే అవసరమవుతుంది.

ఆ తర్వాతే పిల్లాడి వంతు. ఇక్కడ తెలుగు నిపుణులకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఆ భాగాలకు ఇంట్లో నిస్సంకోచంగా వాడగల తెలుగు మాట మనకు లేదు. ఉన్నవి వైద్య గ్రంథాల సంస్కృతం, లేదంటే వీధి బూతు. మధ్యలో ఇంటింటికో ముద్దుమాట. ‘సిగ్గు సిగ్గు’, ‘షేమ్ షేమ్’ అని వెక్కిరించి వెక్కిరించి, కొన్ని ఇళ్లలో ఆ భాగం పేరే ‘షేమ్ షేమ్’ అయి కూర్చుంది. తన ఒంట్లో ఒక భాగానికి సిగ్గు అన్నదే పేరైన పిల్ల, అక్కడ ఎవరైనా తాకితే ఏ మాటతో చెప్పాలి? అందుకే తల్లిని ముందే అడిగి ఆ ఇంటి మాటలన్నీ రాసుకోవడం మదింపులో ఒక భాగం. పిల్ల నోట వచ్చిన మాటను వచ్చినట్టే నమోదు చేయాలి. దాన్ని గ్రాంథికంలోకో ఇంగ్లిషులోకో మార్చి రాస్తే, రేపు కోర్టులో ఆ మాట ఆ పిల్లది కాకుండా పోతుంది.

పిల్లాడితో మాటలు బడి, స్నేహితులు, ఇష్టమైన కార్టూన్ల నుంచి మొదలై, ‘బాత్‌రూమ్ దగ్గర ఏదో అయిందట కదా నాన్నా, ఏమైందో చెబుతావా?’ అన్నంత వరకే వెళ్తాయి. చెబితే వింటారు. చెప్పకపోతే పట్టుబట్టరు. మదింపు పూర్తికావడానికి వాడు తప్పు ఒప్పుకోవడం అవసరం లేదు. ఆరేళ్లవాడు ‘నేను చేయలేదు’ అనడం ఆరేళ్లవాడి లక్షణం, అంతకుమించి దాన్ని చదవకూడదు.

వేధింపులు జరిగాయనేనా?

పిల్లాడిలో ఇలాంటి ప్రవర్తన కనిపించిందంటే వాడి మీద ఎవరో అఘాయిత్యం చేసి ఉంటారన్నది చాలామంది నమ్మకం. నమ్మకంలో కొంత నిజం ఉంది. వేధింపులకు గురైన పిల్లల్లో ఈ ప్రవర్తన మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువగా కనిపిస్తుందని ఫ్రీడ్రిక్ కొలతలూ చూపించాయి. కానీ దాన్ని తిరగేసి చదవడం కుదరదు. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో జేన్ సిలోవ్‌స్కీ, లారిస్సా నీక్ 2002లో ప్రీస్కూల్ వయసు పిల్లలను పరిశీలించినప్పుడు, సమస్యాత్మక ప్రవర్తన ఉన్న పిల్లల్లో సగానికి పైగా లైంగిక వేధింపుల దాఖలా దొరకలేదు. శారీరక హింస, ఇంట్లో కొట్లాటలు చూడటం మాత్రం పెద్ద సంఖ్యలో కనిపించాయి. ఇంకో విశేషం, ఆ పిల్లల్లో ఎక్కువమంది అమ్మాయిలు. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘ఎవరా అబ్బాయి?’ అన్న ప్రశ్న ఎంత తొందరపాటుదో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

అలాగని వేధింపుల ప్రశ్నను పక్కన పెట్టేయడం అంతకన్నా పెద్ద తప్పు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. వేధింపులు ఇంత విస్తృతంగా ఉన్న దేశంలో నిపుణులు ఆ అనుమానాన్ని ప్రతిసారీ మనసులో ఉంచుకోవాల్సిందే. అనుమానానికి ఆధారం దొరికిన క్షణం నుంచి దారి మారుతుంది. ఆ పైన ప్రశ్నలు అడగాల్సింది క్లినిక్ కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాలి, ఆ విచారణ దానికి శిక్షణ ఉన్నవాళ్లు చేయాలి. చికిత్స కోసం చేసే మదింపు, నేర నిర్ధారణ కోసం చేసే ఇంటర్వ్యూ వేర్వేరు పనులు. రెంటినీ ఒకే గదిలో ఒకే మనిషి చేయబోతే మెక్‌మార్టిన్ మళ్లీ మొదలవుతుంది.

పెట్టె 2: చట్టంలో ఉన్నవి
*ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య, చేసిన పని స్వభావం అర్థంచేసుకునే పరిపక్వత లేకుంటే నేరం కాదు. పద్దెనిమిదేళ్లలోపు ఏ పిల్లల్లోనూ దురుద్దేశం లేదనే భావించాలన్నది, వాళ్ల గురించి ముద్రవేసే మాటలు వాడరాదన్నది బాలల న్యాయ చట్టం సూత్రాలు. పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం, వాట్సాప్‌లో పేరు పెట్టేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. పోక్సో కింద పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల సాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416.*

‘మరి ఆ పాప సంగతేమిటి?’

ఇది న్యాయమైన అభ్యంతరం, అన్నిటికన్నా బరువైనది. చేసినవాడి ఇల్లు, నిద్ర, నులిపురుగులు అంటూ ఇంత సానుభూతి చూపిస్తే, భయపడిన పిల్లకు ఏం మిగిలింది? చేసినవాడు చిన్నవాడైనంత మాత్రాన జరిగినది చిన్నదైపోదు. ఆ పాపకు నొప్పి కలిగి ఉండవచ్చు, బడి అంటే భయం పట్టుకుని ఉండవచ్చు. ఆమెకు విడిగా పరీక్ష, విడిగా సాయం అందాలి, అదీ ముందుగా. ఇందులో రాజీ లేదు. కానీ పిల్లాణ్ని బడి నుంచి గెంటేయడం ఆ పాపకు చేసే సాయం అనుకోవడంలోనే పొరపాటుంది. టీసీ ఇచ్చి పంపితే వాడు ఇంకో వీధిలో ఇంకో బడిలో చేరతాడు. అక్కడ ఎవరికీ తెలియదు, ఎవరూ కనిపెట్టుకుని ఉండరు. ఈ బడి తన సమస్యను మరో పాప ఇంటికి పంపింది, అంతే.

మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది, హాస్టల్లో వేయడం. అన్నాచెల్లెళ్ల మధ్యో, బాబాయి పిల్లల మధ్యో ఇలాంటిది బయటపడితే గుట్టుగా చేసే పని అదే. పెద్దపిల్లాణ్ని ఏ రెసిడెన్షియల్ స్కూల్లోనో చేర్చి, ‘చదువు కోసం’ అని చుట్టాలకు చెబుతారు. వాడికి కావాల్సింది ఎక్కువ పర్యవేక్షణ. దొరికేది వందమందికి ఒక వార్డెన్. పైగా అమ్మ తనను ఎందుకు దూరం పంపిందో వాడికి తెలుసు, ఆ సంగతి మాత్రం ఎవరూ వాడితో మాట్లాడరు. ఆట్సా బృందం చెప్పింది కూడా ఇదే వరసలో ఉంది. ఎక్కువమంది పిల్లలు సరైన నిఘాతో ఇంట్లోనే, బడిలోనే ఉండగలరు. ఎంత చేసినా ఎదుటి పిల్లలకు హాని ఆగనప్పుడే వేరు చేయడం గురించి ఆలోచించాలి. ఏ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చేది మదింపే. అది లేకుండా తీసుకునే నిర్ణయం కఠినమైనదైనా మెత్తనిదైనా పాచిక వేసినట్టే.

‘ఎదిగితే వాడే మానుకుంటాడు’ అనేవాళ్లూ ఉన్నారు. కుతూహలం విషయంలో వాళ్లు చెప్పేది నిజం. మిగతావాటి విషయంలో ఏమవుతుందో చెప్పగల గట్టి ఆధారం ఒకటుంది. ఓక్లహోమాలో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 135 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నియమాలు, హద్దులు, నిగ్రహం నేర్పే పన్నెండు వారాల చికిత్స ఇచ్చారు. ఇంకో జట్టుకు ఆటల ద్వారా చేసే చికిత్స ఇచ్చారు. రెండింటిలోనూ తల్లిదండ్రులకు పక్కనే తరగతి ఉంది. పదేళ్ల తర్వాత రికార్డులు తీసి చూస్తే, మొదటి జట్టులో లైంగిక నేరం ఆరోపణ వచ్చినవాళ్లు 2 శాతం, రెండో జట్టులో 10 శాతం. ఏ లైంగిక సమస్యా లేకుండా, అల్లరి, ఏడీహెచ్‌డీ వంటివాటితో అదే క్లినిక్‌కు వచ్చిన పిల్లల్లో అది 3 శాతం. 2006లో అచ్చయిన ఈ ఫలితం ఇద్దరికీ జవాబు చెబుతుంది. ‘వీడింతే, మారడు’ అనేవాళ్లకూ, ‘ఏమీ చేయనక్కర్లేదు’ అనేవాళ్లకూ. ఆ తర్వాత 2008లో ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవాళ్లకు తేలింది ఇంకా ఆసక్తికరం. చికిత్సలో అన్నిటికన్నా పనిచేసిన భాగం పిల్లలకు చెప్పిన పాఠం కాదు, తల్లిదండ్రులకు నేర్పిన పెంపకపు మెళకువలు.

వాళ్ల కొలబద్ద మనకు సరిపోతుందా?

సరిపోదు, ఉన్నది ఉన్నట్టుగా. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాల్సిందే. ఫ్రీడ్రిక్ 2000లో డచ్ పిల్లలతో అమెరికా పిల్లలను పోల్చినప్పుడు, డచ్ తల్లిదండ్రులు చెప్పిన అంకెలు చాలా ఎక్కువగా ఉన్నాయి. ఒంటి గురించి అక్కడ పట్టింపు తక్కువ. రెండు పాశ్చాత్య దేశాల మధ్యే ఇంత తేడా ఉంటే మన సంగతి చెప్పేదేముంది? మొలతాడు తప్ప ఏమీ లేకుండా వాకిట్లో తిరిగే రెండేళ్లవాణ్ని చూసి మన పల్లెల్లో ఎవరూ ఉలిక్కిపడరు. అయిదేళ్లొచ్చినా అమ్మ పక్కలో, అమ్మ కొంగు పట్టుకుని పడుకోవడం మనకు ముద్దు. అదే వేరే దేశంలో వింతగా తోచవచ్చు. కాబట్టి అమెరికా పట్టికలోని అంకెను మన ఊరి పిల్లాడి నుదుటి మీద అతికించకూడదు. అయితే ప్రశ్నలు అరువు తెచ్చుకోవచ్చు, జవాబుల హద్దులు మాత్రం మనమే గీసుకోవాలి. బలవంతం ఉందా, భయం ఉందా, చెబితే ఆగిందా అన్నవి ఏ దేశంలోనైనా ఒకటే. మన పిల్లల మామూలు ఏమిటో మన భాషలో, మన ఇళ్లలో పెద్ద ఎత్తున కొలవడం పరిశోధకులు మనకు బాకీ పడ్డ పని.

నిపుణుల కొరత ఇంకో గోడ. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మనోవైద్య విభాగం ఉంది, దాని ఆధ్వర్యంలో ‘సంవాద్’ కార్యక్రమం దేశమంతటా పిల్లలతో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం, 2018 నుంచి పిల్లలు బెదరని కోర్టు నడుస్తున్నాయి. కానీ ఇవి ప్రధానంగా బాధితులకు, కేసు నమోదయ్యాక. కేసు కాని కేసు, ఆరేళ్లవాడి కేసు, ముందుగా వచ్చేది కాలనీలోని పిల్లల డాక్టరు దగ్గరికే. జ్వరం మందు రాస్తూ రాస్తూ, తల్లి గొంతు తగ్గించి చెప్పే మాట వినాల్సింది ఆయనే. ‘ఇలాంటివి మామూలేనమ్మా’ అనో, ‘అయ్యో’ అనో అనకుండా పైన చెప్పిన ప్రశ్నల్లో అయిదారు అడిగి, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపగలిగితే దారి సగం సుగమమైనట్టే.

పెట్టె 3: ఆ మొదటి గంటలో
*కేక వేయొద్దు. పిల్లలను విడదీసి, బట్టలు సర్ది, మామూలు గొంతుతో ‘ఇలా ఆడకూడదు, ఒంటి భాగాలు ఎవరివి వాళ్లవే’ అనండి. ‘ఏమైంది?’ అని ఒక్కసారి అడగండి, చెప్పింది వినండి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. రెండోసారి అడగొద్దు, వేరే పిల్లల పేర్లు అందించొద్దు. నొప్పి, రక్తం, భయం ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. కొట్టొద్దు.*

మూడు నాలుగు సిట్టింగులయ్యాక నిపుణురాలు ఇచ్చే నివేదిక చూస్తే చాలామంది తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. అందులో పిల్లాడికి పేరు పెట్టే మాట ఉండదు. ఉండేవి ఇలాంటివి. బడిలో బాత్‌రూమ్‌కు ఒకసారికి ఒకరే, ఆయా తలుపు బయట. మధ్యాహ్నం నిద్రలో వాడి చాప టీచర్ కుర్చీ పక్కన. ఇంట్లో పక్క వేరే, ఒకటే గది అయితే మధ్యలో తెర. ఫోను అమ్మ చేతిలో, పిల్లాడు అమ్మ పక్కన. బడి నుంచి వచ్చాక మేడ మీది అన్నయ్యల దగ్గర కాదు, అమ్మమ్మ దగ్గర. నాన్న కొట్టడం ఆపాలి. ‘షేమ్ షేమ్’ మాట ఇంట్లో బంద్. నులిపురుగుల మందు. మూడు నెలలకు మళ్లీ రావాలి, ఎందుకంటే ఈ వయసులో పిల్లలు మూడు నెలల్లో వేరే పిల్లలైపోతారు. బడికి సంబంధించిన రెండు గీతలు, పిల్లాడి పేరు లేకుండా, పాప వాళ్లమ్మకు కూడా చెప్పాలి. సోమవారం నుంచి పాపను బడికి పంపాలా వద్దా అని ఆమె ఇంకా తేల్చుకోలేదు.